కడుపులోని ప్రాతచుట్టములు

మొన్న సైదాబాదులో మా వీథియందొక బాలింతను చూడబోతిమి. ముర్రుపాలు పసుపుపచ్చగా నున్నవని అత్తగారు, "అవి బిడ్డకరుగవమ్మా, పిండి పాఱబోయుము" అనుచుండిరి. సోదరీమణులారా, ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. తల్లిపాలలోని కొన్ని చక్కెరలు బిడ్డకు అరుగనే యరుగవు. ముర్రుపాలలో నవి మఱింత హెచ్చు. మఱి తల్లిదేహము వానినేల తయారు చేయుచున్నది?

బిడ్డ ప్రేవులలో కాపురముండు బైఫిడోబాక్టీరియా యను సూక్ష్మజీవులకు అవి యాహారము. వానిని తిని యీ జీవులు పుట్టించు ఆమ్లములు చెఱుపుచేయు క్రిములకు చోటీయవు. పెరుగునకు తోడెట్లో, పసికడుపునకు తల్లిపాలట్లు.

ఈ చుట్టరికము నేటిది కాదు. 2016లో పండితులు మనుష్యుల, చింపాంజీల, బొనోబోల, గొరిల్లాల మలమును పరీక్షించిరి. ఒకే మూలమునుండి ఈ జాతులు చీలిన క్రమముననే వాని కడుపులలోని కొన్ని తెగల సూక్ష్మజీవులును చీలినవని తేలినది. కోటిన్నర వత్సరములుగా అవి తరతరములవారిని వెన్నంటి వచ్చుచున్నవన్నమాట! నేడొక మనుష్యునిలో అట్టి జీవులు సుమారు 38 లక్షల కోట్లు. సొంత కణములు 30 లక్షల కోట్లే.

ప్రేవుల వ్యాధి యెంత క్రూరమో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగా రెఱుగుదురు. స్ప్రూ వ్యాధి వారి సోదరుల నిద్దఱను పొట్టనబెట్టుకొన్నది. పిదప అమెరికాలో లెడర్లీ పరిశోధనాలయమున వారి నాయకత్వముననే ఫోలిక్ ఆమ్లము తయారైనది. ఆరియోమైసిను 1948లో లోకమునకు వెల్లడియైనది. ఆ యామ్లమును, ఆరియోమైసిను జాతి మందును నేటికిని స్ప్రూకు వాడుచున్నారు.

అయినను అట్టి మందునకు శత్రువెవరో మిత్రుడెవరో తెలియదు. ప్రాతచుట్టములను గూడ చంపును. వైద్యుడు వ్రాసియిచ్చినప్పుడు చెప్పినన్నాళ్లు తప్పక వాడవలసినదే. ప్రతి జలుబునకును అంగడినుండి తెప్పించి పిల్లలకు మ్రింగించుట మాత్రము, ఎలుకపై కోపమున ఇంటికి నిప్పు పెట్టుటయే.

ఈ సంగతులన్నియు ఆ యింట మెల్లగా చెప్పితిమి. అత్తగారు కొంతసేపూరకుండి, "అరుగనివి గూడ పనికివచ్చునా!" అని, బిడ్డనెత్తి తల్లి యొడిలో నుంచిరి.