దాణాలో కలిసింది... తల్లిపాలదాకా వచ్చింది!

పాలు విరక్కుండా కాగితే చాలు, మంచివే అనుకుంటాం మనం. ఆ ఆవో గేదో ఏం మేసిందని ఎవరం అడుగుతాం? 1973లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఇల్లాళ్ళూ అడగలేదు.

అక్కడ సెయింట్ లూయిస్ అనే చిన్న ఊళ్ళో మిషిగన్ కెమికల్ అనే కంపెనీ ఉండేది. పశువుల దాణాలో కలిపే మెగ్నీషియం ఆక్సైడ్‌ని 'న్యూట్రిమాస్టర్' పేరుతో అమ్మేది. ప్లాస్టిక్ వస్తువులు తొందరగా అంటుకోకుండా వాటిలో కలిపే పీబీబీ అనే రసాయనాన్ని 'ఫైర్‌మాస్టర్' పేరుతో అమ్మేది. పేర్లు అక్కచెల్లెళ్ళలా లేవూ! అంతే, ఒకదాని బదులు ఇంకోటి దాణా మిల్లుకి వెళ్ళిపోయింది.

ఆవులు మేత మానేశాయి. పాలు తగ్గిపోయాయి. రిక్ హాల్‌బర్ట్ అనే రైతు కెమికల్ ఇంజనీరింగ్ చదివినవాడు కనక దాణానే అనుమానించి, పట్టు వదలకుండా పరీక్షలు చేయించాడు. అసలు సంగతి తేలేసరికి 1974 వచ్చేసింది. ఈలోగా నెలల తరబడి పాలు, వెన్న, గుడ్లు, మాంసం ఇళ్ళకి చేరుతూనే ఉన్నాయి. చివరికి దాదాపు 30 వేల పశువుల్నీ, 15 లక్షల కోళ్ళనీ చంపేయాల్సి వచ్చింది.

పశువులతో పోలేదీ కథ. ఈ రసాయనం కొవ్వులో చేరి ఏళ్ళ తరబడి ఒంట్లో ఉండిపోతుంది. కాచినా, వండినా పోదు. 1976లో ఆ రాష్ట్రపు దక్షిణ భాగంలో బాలింతల పాలు పరీక్షిస్తే దాదాపు అందరి పాలలోనూ కనిపించింది! కడుపులో ఉండగా ఎక్కువ మోతాదు సోకి, ఆపైన తల్లిపాలు తాగిన ఆడపిల్లలు మిగతావాళ్ళకంటే ముందుగా పెద్దమనుషులయ్యారని 2000లో వచ్చిన ఒక పరిశోధన చెప్పింది.

నన్ను కలచివేసింది ఇదే. ఆ తల్లుల తప్పేముంది? ఎంత శుభ్రంగా వండినా, ఎన్నిసార్లు కాచినా వాళ్ళు ఆపగలిగేది కాదు. ఇంట్లో ఏ చిన్న అనారోగ్యం వచ్చినా "ఏం పెట్టావు?" అని మననే అడుగుతారు. ఆ ప్రశ్న మిల్లు గుమ్మం దగ్గరా, ఫ్యాక్టరీ గోదాములోనూ అడగాల్సినవాళ్ళు అడిగుంటే?

ఇది చదివి తల్లిపాలు మాన్పించేరు సుమా! బిడ్డకి అంతకన్నా మేలైనది లేదు. మన చేతిలో ఉన్న జాగ్రత్త మాత్రం ఒకటుంది. పాడి ఉన్న ఇళ్ళలో దాణా బస్తా మీద పేరు చదివాకే మూతి విప్పండి. పురుగుమందుల్ని దాని దరిదాపుల్లో ఉంచకండి. పశువు ఉన్నట్టుండి మేత మానేస్తే "దిష్టి తగిలింది" అని ఊరుకోకుండా, పిడికెడు దాణా పొట్లం కట్టి పశువుల డాక్టరుకి చూపించండి.