ఎరువు తెచ్చిన గొడ్డలి

చేదబావులున్న రోజుల్లో తాడు తెగి చేద నీళ్లలో పడిపోతే పాతాళగరిగె కోసం వెదికేవారు. ఇనుప కొక్కేల గుత్తి అది. ఊళ్లో ఒకటి రెండు ఇళ్లలోనే ఉండేది. దాన్ని తాడుకు కట్టి దించి, అడుగున నెమ్మదిగా తిప్పుతూ, కొక్కేనికి చేద తగిలేదాకా ఓపిక పట్టేవారు. బావి కాబట్టి వస్తువు ఎక్కడికీ పోదు. మరి పారే నదిలో ఇనుము పడితే?

యొర్దాను ఒడ్డున అదే జరిగింది (2 రాజులు 6:1-7). ప్రవక్తల శిష్యులకు నివాసం ఇరుకైంది. తలా ఒక దూలం నరుక్కుని కొత్త ఇల్లు కట్టుకుందామని ఎలీషాను వెంటబెట్టుకుని వెళ్లారు. ఒకడు మాను నరుకుతుండగా గొడ్డలి ఊడి నీటిలో పడింది. పని ఆగిపోయిందని అతడు ఏడవలేదు. ఎరువు తెచ్చిన వస్తువు పోయిందని మొరపెట్టాడు.

సౌలు కాలంలో ఇశ్రాయేలీయులు గొడ్డలి పదును పెట్టించుకోవడానికి కూడా ఫిలిష్తీయుల దగ్గరకు వెళ్లవలసి వచ్చేదని 1 సమూయేలు 13వ అధ్యాయం చెబుతోంది. పేదవాడికి ఇనుము అంత దూరం. పైగా అడిగి తెచ్చుకున్నది పాడైతే నష్టం అచ్చుకోవాలన్నది ధర్మశాస్త్రం (నిర్గమ 22:14). హెబ్రీలో ఇక్కడ ఉన్న మాటకు 'అడిగి తెచ్చుకున్నది' అని అర్థం. సౌలు పేరు కూడా ఆ ధాతువుదే.

గుంటూరు, ప్రకాశం పత్తి, మిరప రైతుకు ఈ మొర కొత్తది కాదు. భూమి కౌలుది, పెట్టుబడి అప్పుది, చివరికి చల్లే ఎరువు కూడా అరువే. 1987లో తెల్లదోమ పత్తిని మింగేసినప్పుడు ఈ జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021లో తామర పురుగు మిరప తోటలను పూత మీదే దెబ్బతీసింది. పంట పోవడం ఒక బాధ. పోయినది మరొకరి సొమ్ము కావడం వేరే బాధ. దాన్ని బయటికి చెప్పుకోలేరు. ఆదివారం ప్రార్థన విన్నపాలు అడిగితే జ్వరాలు, పరీక్షలు, పెళ్లిళ్లు చెబుతారు. అప్పు సంగతి ఎవరూ ఎత్తరు. దశమభాగం తగ్గించావు కాబట్టే అప్పులపాలయ్యావని కొందరు ప్రసంగీకులు వేదికలెక్కి చెబుతుంటే ఎలా ఎత్తుతారు?

ఎలీషా ఆ శిష్యుణ్ని గద్దించలేదు. పిడి ముందే ఎందుకు చూసుకోలేదని అడగలేదు. ఎక్కడ పడిందని మాత్రం అడిగాడు. అతడు చోటు చూపించాడు. కొమ్మ నరికి అక్కడ వేస్తే ఇనుము తేలింది. ప్రవక్త కర్రతో కెలికి పైకి తీశాడని వివరించే వ్యాఖ్యాతలూ ఉన్నారు. గ్రంథకర్త దాన్ని అద్భుతంగానే రాశాడు, నేనూ అలాగే నమ్ముతాను. అయినా చెయ్యి చాపి తీసుకోవలసింది పోగొట్టుకున్నవాడే.

అప్పులవారి గోడు ఎలీషా అంతకు ముందే విన్నాడు. 4వ అధ్యాయంలో ఒక విధవరాలి కుమారులిద్దరినీ దాసులుగా పట్టుకుపోవడానికి అప్పులవాడు వచ్చాడు. దేవుడు నూనె సమృద్ధిగా ఇచ్చాక ప్రవక్త ఆమెకు చెప్పినది కానుక సంగతి కాదు. నూనె అమ్మి అప్పు తీర్చమన్నాడు, మిగిలినదానితో నువ్వూ నీ పిల్లలూ బతకండి అన్నాడు.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి మన ప్రాంతపు బాప్టిస్టు సంఘాల్లో చాలామందికి తెలుసు. దానికి ముందున్న కాలువ సంగతి తెలిసినవారు తక్కువ. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేలా చేశారు. కూటి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కరువు నెలల్లో బాప్తిస్మాలు ఆపేశారు.

కోత పండుగ రోజున మన సంఘాల్లో కానుకగా వచ్చిన ధాన్యం, మిరపకాయలు వేలం వేస్తాం. పంట పోయిన ఏడాది ఆ ఇంటికి సంఘపెద్దలు వెళ్లడం అరుదు. వెళ్లి, ఎవరి దగ్గర తెచ్చావు, వడ్డీ ఎంత, కాగితాలు ఎవరి దగ్గరున్నాయని మెల్లగా అడిగితే చాలామంది నోరు విప్పుతారు. ఆ కాగితాలు చదివి, బ్యాంకుకు తోడు వెళ్లగల చదువుకున్న యువకులు ఇవాళ దాదాపు ప్రతి సంఘంలోనూ ఉన్నారు.