తాతది కోపం కాదు.. జబ్బు
మతిమరుపు వ్యాధిపై పిల్లలకు పెద్దలే తెలియజెప్పాలి

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: బడి నుంచి వచ్చిన మనవడిని చూసి 'ఎవరి పిల్లగాడివి?' అని తాత అడుగుతాడు. అన్నం తిన్న అరగంటకే 'కోడలు బువ్వ పెట్టలేదు' అని నాయనమ్మ ఇరుగుపొరుగుతో చెబుతుంది. పెద్దలు దీనిని చాదస్తమని కొట్టిపారేస్తారు. పిల్లలు నవ్వుతారు, లేదా తామేదో తప్పు చేశామని భయపడతారు. ఇవి డిమెన్షియా అనే మెదడు జబ్బు లక్షణాలు కావచ్చు.

పల్లెల్లోనే అధికం
దేశంలో 60 ఏళ్లు పైబడిన వారిలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది ఈ జబ్బుతో బాధపడుతున్నారని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. పట్టణాల కంటే గ్రామాల్లోనే బాధితుల శాతం ఎక్కువ. 2016లో ఏర్పడిన ఈ మూడు జిల్లాల్లో పల్లె జనాభాయే అధికం. తల్లిదండ్రులు పత్తి, మిరప చేలకు వెళితే అనేక ఇళ్లలో మిగిలేది వృద్ధులు, చిన్నారులే. తాతలో మార్పును ముందుగా చూసేది కూడా తరచూ ఆ చిన్నారులే.

ఎందుకిలా?
డిమెన్షియాకు ప్రధాన కారణం అల్జీమర్స్ వ్యాధి. జర్మనీ వైద్యుడు అలాయిస్ అల్జీమర్ 1906లో దీనిని తొలిసారి వివరించారు. ఇందులో కొత్త సంగతులను నిలుపుకొనే మెదడు భాగం తొలుత దెబ్బతింటుంది. అందుకే ఉదయం తిన్నది గుర్తుండదు, యాభై ఏళ్ల నాటి ముచ్చట గుర్తుంటుంది. ఎప్పుడో విరమణ పొందిన బొగ్గుగని కార్మికుడు తెల్లవారుజామునే లేచి షిఫ్టుకు వేళైందని బయలుదేరడం ఇలాంటిదే.

ఇలా చెప్పాలి
* జబ్బు పేరు దాచరాదు. 'తీగ పాడైతే బల్బు వెలిగి ఆరుతుంది కదా, తాత మెదడులోనూ అలాగే జరుగుతోంది' అంటే ఆరేళ్ల పిల్లలకూ అర్థమవుతుంది.
* ఇది అంటువ్యాధి కాదని, ఎవరి తప్పూ కాదని, తాత కసిరినా ప్రేమ పోలేదని స్పష్టం చేయాలి.
* 'ఇందాకే చెప్పాను కదా' అని వాదించకుండా, మళ్లీ నెమ్మదిగా జవాబివ్వడం నేర్పాలి.
* పాత ఫొటోలు చూడటం, చిక్కుడుకాయలు ఒలవడం వంటి పనులు ఇద్దరికీ కలిపి అప్పగించాలి.
* కాపలా బాధ్యత మాత్రం పిల్లలపై మోపరాదు. తాత బయటకు వెళితే వెంటనే పెద్దలను పిలవాలని చెబితే చాలు.

ఆలస్యం వద్దు
థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ కొరత వల్ల కూడా మతిమరుపు రావచ్చు. వీటికి చికిత్స ఉంది. అల్జీమర్స్‌ను పూర్తిగా నయం చేసే మందు లేకున్నా, కొందరిలో లక్షణాలను కొంతకాలం అదుపు చేసే మందులున్నాయి. అందువల్ల వయసు మీద పడిందని సరిపెట్టుకోకుండా వైద్యుడికి చూపించాలి. మానసిక ఆరోగ్య సలహాకు టెలి మానస్ 14416, వృద్ధుల సహాయానికి ఎల్డర్ లైన్ 14567 నంబర్లకు ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

తాత తన పేరు మరిచిపోయినా తాను తాతను మరిచిపోనక్కర లేదని పిల్లవాడు గ్రహిస్తే, ఆ ఇంట్లో భయం సగం తగ్గినట్లే.