మాటల నాటకం... మాటల్లేని సినిమా!

గిరీశం నోరు కట్టేసి ‘కన్యాశుల్కం’ తీస్తే ఎలా ఉంటుంది? ఊహించడమే కష్టం కదూ! ఇంచుమించు అలాంటి పనే 1925లో ఒకాయన చేసి చూపించాడు. పేరు ఎర్న్‌స్ట్ లూబిచ్. సినిమా ‘లేడీ విండర్మియర్స్ ఫ్యాన్’.

ఆస్కార్ వైల్డ్ రాసిన ఈ నాటకాన్ని 1892లో లండన్‌లో తొలిసారి ఆడారు. దాని ప్రాణమంతా మాటల చమత్కారమే. మరి మూకీలో మాటలేవీ? మధ్యమధ్యలో వేసే అక్షరాల కార్డుల మీద ఆ పంచ్‌లు దింపేయొచ్చు. లూబిచ్ అదీ చేయలేదు! వైల్డ్ చమత్కారాలన్నీ పక్కన పెట్టేసి, చూపులతో కథ నడిపాడు.

కథేంటంటే... లేడీ విండర్మియర్‌కి భర్త మీద అనుమానం. మిసెస్ ఎర్లిన్ అనే ఆవిడకి అతను గుట్టుగా డబ్బులిస్తున్నాడు మరి. నిజానికి ఆవిడ ఈమె కన్నతల్లి. అమ్మ ఎప్పుడో చనిపోయిందనే కూతురు నమ్ముతోంది. నాటకంలో ఆలస్యంగా తెలిసే ఈ రహస్యాన్ని సినిమా మనకి ముందే చెప్పేస్తుంది. సస్పెన్స్ పోయిందే అనుకున్నా. కానీ అక్కణ్నుంచి ఆ తల్లి ప్రతి చూపూ గుచ్చుకుంటూనే ఉంది.

నాకు బాగా నచ్చింది గుర్రప్పందేల సీన్. ఎర్లిన్ వచ్చి కూర్చోగానే జనం బైనాక్యులర్లన్నీ ఆమె వైపే. గుర్రాల్ని చూసేదెవరు? ట్రోలింగ్ మన కాలంలోనే పుట్టిందనుకుంటాం గానీ, ఈ సీన్ చూస్తే ఆ మాట అనలేం.

చివర్లో కూతురు కోపంలో లార్డ్ డార్లింగ్టన్ అనే పరాయి మగాడి ఇంటికి వెళ్తుంది. ఆమె విసనకర్ర అక్కడ దొరికిపోతుంది. అది తనదేనంటూ తల్లి ముందుకొస్తుంది. పోయేది తన పరువు, నిలిచేది కూతురి కాపురం. ఆ త్యాగం చేసింది కన్నతల్లేనని కూతురికి ఎప్పటికీ తెలీదు. దీన్ని ఏ డైలాగ్ చెప్పగలదు?

2002లో అమెరికా ఈ సినిమాను నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలో చేర్చుకుంది. అక్కడ కాపీరైట్ గడువు కూడా తీరిపోయింది. నిడివి గంటన్నర. చూస్తే మాత్రం, స్క్రోల్ చేయకుండా చూడండి. ఒక్క చూపు మిస్సయితే ఒక డైలాగ్ మిస్సయినట్టే!