వార్డులో అంటుకునే విరేచనాలు

హైదరాబాద్‌లోని సరూర్‌నగర్, ఎల్బీనగర్ ప్రాంతాల్లో ఉన్న ఏ పిల్లల ఆసుపత్రిలోనైనా, నిమోనియాతోనో మూర్ఛతోనో చేరిన బిడ్డకు రెండు రోజులు గడిచాక కొత్తగా వాంతులు, నీళ్ల విరేచనాలు మొదలైతే, ఆ జబ్బు ఇంటి నుంచి వచ్చింది కాదని, వార్డులోనే సోకి ఉంటుందని వైద్యులు భావిస్తారు. దీనికి ఎక్కువగా కారణమయ్యేవి రోటావైరస్, నోరోవైరస్.

ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 1973లో రూత్ బిషప్ బృందం గుర్తించిన రోటావైరస్ చిన్నపేగు లోపలి గోడపై వేళ్లలా నిలిచి ఆహారాన్ని పీల్చుకునే చూషకాల కణాలను చంపుతుంది. అంతేకాక అది తయారుచేసే ఒక ప్రొటీన్ విషంలా పనిచేసి పేగులోకి నీటిని రప్పిస్తుంది. అయినా పేగంతా దెబ్బతినదు కనుక, మిగిలిన కణాలు గ్లూకోజుతో పాటు సోడియాన్ని, వాటి వెంట నీటిని లోపలికి తీసుకోగలుగుతాయి. చక్కెర, ఉప్పు కలిసిన ఓఆర్ఎస్ ద్రావణం బిడ్డ ప్రాణం నిలబెట్టేది ఈ దారినే.

జబ్బుపడిన బిడ్డ గ్రాము మలంలో వందల కోట్ల వైరస్ కణాలు ఉండగలవు, మరో బిడ్డకు సోకడానికి వంద కణాలలోపే చాలు. అందుకే డైపర్ మార్చిన తల్లి చేయి మంచం కడ్డీని తాకి, అదే కడ్డీని పట్టుకున్న ఆయా పక్క మంచం బిడ్డకు చెంచాతో మందు పోసినా వైరస్ చేరిపోతుంది. పైగా నోరోవైరస్‌పై ఆల్కహాల్ ద్రావణం అంతగా పనిచేయదు. సబ్బుతో, పారే నీటితో చేతులు కడుక్కోవలసిందే.

రోటావైరస్‌కు విరుగుడు కూడా ఆసుపత్రి శిశువులలోనే దొరకడం విశేషం. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో నవజాత శిశువులకు ఒక రకం రోటావైరస్ సోకినా విరేచనాలు కాలేదు. అలా సోకిన పిల్లలకు తర్వాత తీవ్రమైన జబ్బు రాకుండా రక్షణ కలుగుతోందని ఎం.కె. భాన్ బృందం గమనించింది. 116ఇ అనే ఆ రకం నుంచే హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని భారత్ బయోటెక్ రోటావ్యాక్ చుక్కల మందును రూపొందించింది. సార్వత్రిక టీకా కార్యక్రమంలోకి రోటావైరస్ టీకా 2016లో ప్రవేశించినప్పుడు మొదటి నాలుగు రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2019లో అది దేశమంతటికీ విస్తరించింది.

ఆరు, పది, పద్నాలుగు వారాల వయసులో వేసే ఈ చుక్కలు, 6,799 మంది శిశువులపై జరిగిన పరీక్షలో, తీవ్రమైన రోటావైరస్ జబ్బును మొదటి ఏడాదిలో సుమారు 56 శాతం తగ్గించాయి. ఇది ఎన్నో ప్రాణాలు కాపాడే ఫలితమే. అయితే టీకా వేసుకున్న పిల్లలలోనూ కొందరికి జబ్బు వస్తుంది, నోరోవైరస్‌కు ఇంకా టీకాయే లేదు. కాబట్టి విరేచనాల బిడ్డను వేరుగా ఉంచడం, మంచం కడ్డీలను, నేలను బ్లీచింగ్ ద్రావణంతో తుడవడం వార్డు సిబ్బందికి రోజువారీ పనిగానే ఉంటాయి.