కోట కింది లెక్కలు

అమెరికాలో స్థిరపడిన పిల్లల దగ్గరికి వెళ్లిన మన అమ్మానాన్నలకు నయాగరా తర్వాత తప్పకుండా చూపించే చోటు ఓర్లాండో. ఫ్లోరిడాలోని ఆ ఊరికి నైరుతిగా ఉన్న వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో మనవళ్లు మిక్కీ మౌస్‌ను కౌగిలించుకుంటారు, తాతయ్యలు ఫొటోలు తీస్తారు, రాత్రి అందరూ కలిసి బాణసంచా చూసి కాళ్లీడ్చుకుంటూ హోటల్‌కి చేరతారు. కంటికి కనిపించేదంతా పిల్లల లోకమే. ఏదైనా సంస్థను నడుపుతున్నవాళ్లు మాత్రం ఆ చోటును ఇంకోసారి నింపాదిగా చూడాలి. ఏది సొంతం చేసుకోవాలి, ఏది పరాయివాళ్లకు వదలాలి, పనివాళ్లను ఎలా తయారుచేసుకోవాలి, ధర ఎక్కడ ఆపాలి అన్న ప్రశ్నలకు డిస్నీ ఇచ్చుకున్న జవాబులన్నీ అక్కడి నేలలోనే ఉన్నాయి. కొన్ని జవాబులు అద్భుతం. కొన్ని నన్ను బాధపెడతాయి.

కారులో వెళ్లినవాళ్లు డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కు గుమ్మం ముందు దిగలేరు. దూరంగా పార్కింగ్‌లో బండి వదిలి, మోనోరైలో పెద్ద పడవో ఎక్కి సరస్సు దాటాలి. సెవెన్ సీస్ లగూన్ అనే ఆ సరస్సు ప్రకృతి ఇచ్చింది కాదు, తవ్వించింది. తవ్విన మట్టితో అవతలి పార్కును ఎత్తు చేశారు. పడవ కదులుతుంటే వెనక కార్లు, రోడ్లు చిన్నవవుతాయి, ముందు సిండ్రెల్లా కోట పెద్దదవుతుంది. వచ్చినవాడి మనసు పార్కులో అడుగు పెట్టకముందే బయటి లోకాన్ని వదిలేయాలని ఎవరో కూర్చుని ఆలోచించారు. ఆ ఆలోచనకు చోటు దొరికింది భూమి ఉండబట్టే.

భూమి విలువ ఆ కంపెనీకి కాలిఫోర్నియాలో తెలిసొచ్చింది. వాల్ట్ డిస్నీ 1955 జులై 17న అనహైమ్‌లో, 160 ఎకరాల తోటలు కొన్నచోట, డిస్నీల్యాండ్ తెరిచాడు. లాస్ ఏంజెలెస్ గ్రిఫిత్ పార్కులో తన ఇద్దరు కూతుళ్లు రంగులరాట్నం తిరుగుతుంటే తాను బెంచీ మీద ఊరికే కూర్చునేవాడినని, పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఎందుకు ఉండకూడదన్న ఆలోచన అక్కడే పుట్టిందని ఆయనే చెప్పాడు. ఆలోచన ఉంది కానీ డబ్బు లేదు. ఏబీసీ టెలివిజన్ సంస్థకు వారం వారం ఒక కార్యక్రమం చేసిపెడతానని ఒప్పుకుని, పార్కులో వాటా ఇచ్చి, పెట్టుబడి తెచ్చుకున్నాడు. చుట్టుపక్కల స్థలం కొనడానికి మాత్రం చేతిలో ఏమీ మిగల్లేదు. పార్కు కళకళలాడగానే దాని గోడ చుట్టూ మోటళ్లు, తిండి దుకాణాలు, మెరిసే బోర్డులు మొలిచాయి. తీర్థం ఒకరిది, అంగళ్ల రాబడి ఇంకొకరిది అయింది. ఆఖరికి ‘డిస్నీల్యాండ్ హోటల్’ అని పేరు పెట్టుకున్న హోటల్ కూడా జాక్ రాథర్ అనే మరో వ్యాపారిది. డిస్నీ దాన్ని సొంతం చేసుకోవడానికి 1988 దాకా పట్టింది.

అందుకే రెండోసారి వాల్ట్ ముందు నేల చూసుకున్నాడు. 1964, 65లలో ఊరూ పేరూ లేని కంపెనీలు కొన్ని మధ్య ఫ్లోరిడాలో చిత్తడి నేలలు, పశువుల మేత భూములు కొంటూ పోయాయి. కొనేది ఎవరో అమ్మేవాళ్లకు తెలియదు. ఇలా చేరింది 27 వేల ఎకరాలకు పైగా. పెట్టిన ఖర్చు 50 లక్షల డాలర్లకు కొంచెం పైన, సగటున ఎకరా 200 డాలర్ల లోపే. మన రామోజీ ఫిల్మ్ సిటీ 1,666 ఎకరాలు, దానికి ఇది పదహారు రెట్లు. 1965 అక్టోబర్‌లో ‘ఓర్లాండో సెంటినెల్’ పత్రిక గుట్టు బయటపెట్టాక చుట్టుపక్కల ధరలకు పగ్గాలు లేకుండా పోయాయి. అప్పటికే కావలసినది చేతికి వచ్చేసింది. ఆ డొల్ల కంపెనీల పేర్లు ఇప్పటికీ మ్యాజిక్ కింగ్‌డమ్ మెయిన్ స్ట్రీట్‌లో ఒక కిటికీ మీద రాసి ఉంటాయి.

నేలతో ఆగలేదు. 1967లో ఫ్లోరిడా శాసనసభ ‘రీడీ క్రీక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్’ అనే స్థానిక పాలన సంస్థను ఏర్పాటు చేసింది. రోడ్లు, మురుగునీరు, అగ్నిమాపక దళం, కట్టడాల అనుమతులు, బాండ్లు జారీచేసి అప్పు తెచ్చుకునే హక్కు, అన్నీ దాని కిందే. అందులో ఓటు ఎకరానికి ఒకటి. ఎకరాలన్నీ దాదాపుగా ఎవరివో తెలిసిందే. ఇంత అధికారం అడిగింది ఎప్‌కాట్ పేరుతో 20 వేల మంది కాపురముండే ఆదర్శ నగరం కడతామని. 1966 డిసెంబర్ 15న వాల్ట్ కన్నుమూశాడు. ఆ నగరం రాలేదు. 1982లో ఆ పేరుతో వచ్చింది మరో పార్కు. నగరం కోసం ఇచ్చిన అధికారాలు మాత్రం ఐదు దశాబ్దాలకు పైగా కంపెనీ చేతిలోనే నిలిచాయి. మంచి రోడ్లు, మంచి డ్రైనేజీ కట్టారన్నది నిజమే. అయినా ప్రజలు ఎన్నుకోవాల్సిన పాలన ఒక వ్యాపార సంస్థ గుప్పిట్లో అంతకాలం ఉండటం న్యాయమని నేను ఒప్పుకోలేను.

వాల్ట్ పోయాక ఈ పనిని నెత్తిన వేసుకున్నది అన్న రాయ్ డిస్నీ. 1923లో తమ్ముడితో కలిసి కంపెనీ పెట్టినప్పటి నుంచి లెక్కలు చూసిన మనిషి. పని మానేసి విశ్రాంతి తీసుకోవాల్సిన వయసులో దాదాపు 40 కోట్ల డాలర్ల నిర్మాణాన్ని కంపెనీ అప్పుల్లో కూరుకుపోకుండా పూర్తి చేయించాడు. పేరులో ‘వాల్ట్’ ఉండి తీరాలని పట్టుబట్టి పెట్టించాడు. 1971 అక్టోబర్ 1న పార్కు తెరుచుకుంది. డిసెంబర్ 20న రాయ్ మరణించాడు. డిస్నీ కథ చెప్పేవాళ్లు తమ్ముడి ఊహాశక్తి గురించే ఎక్కువ చెబుతారు. ఈ నేల మీద ఒక్క ఇటుకైనా నిలిచిందంటే అన్న లెక్కల పుస్తకం వల్లనే.

ఇక కోట కింద ఉన్నది చూద్దాం. అనహైమ్‌లో ఓసారి కౌబాయ్ వేషంలో ఉన్న ఉద్యోగి భవిష్యత్తును చూపించే టుమారోల్యాండ్ మీదుగా నడిచి వెళ్లడం వాల్ట్ కంటపడిందని, పిల్లలు నమ్మే కల అలా చెదిరిపోకూడదని ఆయన బాధపడ్డాడని చెబుతారు. ఫ్లోరిడాలో దానికి విరుగుడు వేశారు. ఉద్యోగులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి సొరంగాల్లో వెళ్లాలి. ఆ నేలలో కొద్దిగా తవ్వితే నీళ్లే. కాబట్టి సొరంగాలను నేల మట్టం మీదే కట్టి, సరస్సు మట్టి వాటి మీద పోసి, ఆ పైన పార్కు కట్టారు. మనం కోట ముందు నిలబడ్డామంటే నిజానికి రెండో అంతస్తులో ఉన్నట్టు. కింద వేషాలు, వంటగదులు, సరుకుల బళ్లు. చెత్త కూడా గాలి ఒత్తిడితో గొట్టాల్లోనే పోతుంది. వాన నీరు పోయే కాలువలు వేయించినవాడు సైన్యంలో జనరల్‌గా, పనామా కాలువ ప్రాంతానికి గవర్నర్‌గా చేసిన జో పాటర్. వినోదానికి ఆ స్థాయి ఇంజినీర్లను తెచ్చుకున్నారంటే పనిని ఎంత గౌరవంగా చూశారో అర్థమవుతుంది.

మనుషుల విషయంలోనూ అంతే పట్టు. డిస్నీల్యాండ్ తెరిచిన ఏడాదే వాన్ ఫ్రాన్స్ అనే ఆయన సిబ్బందికి శిక్షణ మొదలుపెట్టాడు. అదే డిస్నీ యూనివర్సిటీ అయింది. కొత్తగా చేరినవాళ్లందరికీ మొదట ‘ట్రెడిషన్స్’ అనే పాఠం ఉంటుంది. భద్రత, మర్యాద, ప్రదర్శన, సామర్థ్యం అన్న నాలుగు సూత్రాలను ఆ వరుసలోనే నేర్పుతూ వచ్చారు. వరుసే ముఖ్యం. రైడ్ ఆపితే క్యూ పెరుగుతుందని తెలిసినా, పసివాడికి అపాయం అనిపిస్తే ఆపరేటర్ ఎవరినీ అడగకుండా ఆపేయవచ్చు. కిందిస్థాయి ఉద్యోగికి నిర్ణయం తీసుకునే ధైర్యం ఇవ్వడం ఇదీ. ఈ పద్ధతులను డిస్నీ ఇన్‌స్టిట్యూట్ ఆస్పత్రులకు, ఇతర కంపెనీలకు ఫీజు తీసుకుని నేర్పుతోంది కూడా.

ఆ చిరునవ్వుల వెనక జీతాల కథ వేరు. ఒకే చోట 70 వేల మందికి పైగా పనిచేసే స్థలం అది. అద్దెలు ఎక్కువున్న ఆ ఊళ్లో కనీస వేతనం గంటకు 18 డాలర్లు కావాలని కార్మిక సంఘాలు పోరాడి 2023లో సాధించుకున్నాయి. అంతకు మూడేళ్ల ముందు, కోవిడ్‌లో, అమెరికాలోని పార్కుల విభాగం మీద 28 వేల ఉద్యోగాల కోత ప్రకటన వచ్చింది. మర్యాద నేర్పిన సంస్థ కష్టకాలంలో ఆ మర్యాదను తన మనుషులకు పూర్తిగా చూపలేకపోయింది.

డిస్నీ వ్యూహం ఏమిటో 1957లో కంపెనీ గీసిన ఒక చిత్రపటం ఇప్పటికీ చెబుతుంది. మధ్యలో సినిమా స్టూడియో. దాని నుంచి టీవీకి, సంగీతానికి, పుస్తకాలకు, బొమ్మలకు, డిస్నీల్యాండ్‌కు బాణాలు. ఒక కథ పది చోట్ల పంట ఇవ్వాలి, పది చోట్ల నుంచి మళ్లీ కథకు ఆదరణ రావాలి. 1984లో కంపెనీ పగ్గాలు చేపట్టిన మైకేల్ ఐస్నర్, ఫ్రాంక్ వెల్స్ జంట ఓర్లాండోలో ఖాళీగా పడి ఉన్న ఎకరాల విలువ గుర్తించి వరుసగా హోటళ్లు కట్టించింది. వచ్చిన కుటుంబం నిద్రపోయేది కూడా డిస్నీ కప్పు కిందే కావాలన్నది లెక్క. తర్వాత ఆ పగ్గాలు అందుకున్న బాబ్ ఐగర్ కథలనే కొనుక్కొచ్చాడు. 2006లో పిక్సార్, 2009లో మార్వెల్, 2012లో లూకాస్‌ఫిల్మ్. ఆ కథలన్నీ చివరికి ఈ నేల మీదే రైడ్లుగా, దుకాణాలుగా మారాయి. 2024 ఆర్థిక సంవత్సరంలో కంపెనీ విభాగాల నిర్వహణ లాభంలో సగానికి పైగా పార్కులు, ఓడలు, బొమ్మల వ్యాపారం నుంచే వచ్చింది.

పరాయి నేల మీద ఇదే సంస్థ వేరేలా నడుచుకుంది. టోక్యోలో 1983లో తెరిచిన పార్కు ఓరియంటల్ ల్యాండ్ అనే జపాన్ కంపెనీది, డిస్నీకి రాయల్టీ వస్తుంది. లాభాల్లో పెద్ద వాటా చేజారిందన్న బాధతో పారిస్‌లో 1992లో తానే వాటాదారుగా దిగి, అప్పులతో, భోజనంలో వైన్ పోయకూడదన్న పట్టుదలతో దెబ్బతింది. మరుసటి ఏడాదే వైన్ అనుమతించింది. 2025 మే నెలలో ప్రకటించిన అబుదాబి పార్కును కట్టేది, నడిపేది అక్కడి మిరాల్ సంస్థ. పేరు, డిజైన్ డిస్నీవి. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు, హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు రేపు అదే దగ్గరి డిస్నీ అవుతుంది.

మన గుమ్మంలోకీ ఆ సంస్థ రెండు సార్లు వచ్చింది. 2011 సంక్రాంతికి ‘అనగనగా ఓ ధీరుడు’ సినిమా నిర్మాణంలో భాగమైంది. 2019లో ఫాక్స్ కొనుగోలుతో స్టార్ ఇండియా, దానితో మన స్టార్ మా డిస్నీ కిందికి వచ్చాయి. ఐపీఎల్ డిజిటల్ హక్కులు పోగొట్టుకుని, చందాదారులు తగ్గాక, 2024 నవంబర్‌లో రిలయన్స్‌తో కలిసి జియోస్టార్‌లో 36.84 శాతం వాటాకు సర్దుకుంది. క్రికెట్ హక్కులకు పోటీ పడే సంత డిస్నీ బలమున్న చోటు కాదు. వెనక్కి తగ్గడం తెలివైన పనే.

ఓర్లాండోలో మాత్రం రెండు చోట్ల పట్టు సడలింది. మొదటిది పాలన. 2022లో బడుల్లో లైంగిక ధోరణుల చర్చపై వచ్చిన చట్టం విషయంలో కంపెనీకీ గవర్నర్‌కూ చెడింది. 2023లో రాష్ట్రం రీడీ క్రీక్ బోర్డును తన చేతిలోకి తీసుకుంది. కోర్టు గొడవలు 2024లో రాజీతో ముగిశాయి.

రెండోది నాకు ఇంకా ముఖ్యమైనది. 1999 నుంచి క్యూ తప్పించే ఫాస్ట్‌పాస్ అందరికీ ఉచితం. బడిపంతులి పిల్లాడికీ, బ్యాంకు యజమాని పిల్లాడికీ ఒకటే కాగితం. 2021 అక్టోబర్‌లో దాని స్థానంలో మనిషికి రోజుకు 15 డాలర్లు అడిగే జీనీ ప్లస్ వచ్చింది. 2024 చివరలో క్యూ తప్పించడానికే వచ్చిన ప్రీమియర్ పాస్ ధర మనిషికి 449 డాలర్ల దాకా పలికింది, అదీ ప్రవేశ టికెట్ కాకుండా. 1971లో మ్యాజిక్ కింగ్‌డమ్ ప్రవేశ రుసుము మూడున్నర డాలర్లు. అప్పట్లో రైడ్లకు వేరే కూపన్లు కొనాలి, డాలర్ విలువా వేరు. అవన్నీ లెక్కేసుకున్నా 2025 క్రిస్మస్ రోజుల్లో ఒక్కరోజు టికెట్ 199 డాలర్లు అనేది సామాన్య కుటుంబం మోయగలిగింది కాదు. రద్దీ తగ్గించడానికి ధర ఒక సాధనమని కంపెనీ వాదిస్తుంది. గిరాకీ ఉంటే ధర పెరుగుతుందన్నది నిజం. కానీ పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించడానికి కట్టిన చోటులో పక్క వరుస పిల్లలు డబ్బు కట్టి ముందుకు వెళ్తుంటే చూస్తూ నిలబడే పసివాడికి ఆ వాదన ఎవరు చెప్పాలి? ఇలా మిగిలే లాభం ఈ ఏడాది లెక్కల్లో బాగుంటుంది. పెద్దయ్యాక తన పిల్లలను తీసుకురావాలన్న కోరిక పుట్టకపోతే వచ్చే నష్టం ఏ ఏడాది లెక్కలోనూ కనపడదు. 2025 మేలో అదే ఊళ్లో యూనివర్సల్ సంస్థ ఎపిక్ యూనివర్స్ తెరిచాక కుటుంబాలకు వేరే దారీ ఉంది. పదేళ్లలో పార్కులు, ఓడల మీద 6,000 కోట్ల డాలర్లు పెడతామని 2023లో ప్రకటించిన డిస్నీ, అందులో కొంతైనా క్యూలను మళ్లీ అందరికీ ఒకటిగా చేయడానికి ఖర్చుపెట్టాలి. ఆ సంస్థను ఇష్టపడేవాడిగా అడిగేది ఇదే.

అమ్మానాన్నలను తీసుకెళ్లాలనుకునే మనవాళ్లకు ఒక మాట. క్రిస్మస్ సెలవులు వదిలేయండి. ఎండ, వాన ఓర్చుకోగలిగితే ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో టికెట్ ధరలు బాగా తగ్గుతాయి. మూడేళ్ల లోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు.