చిలకపచ్చగా వెలిగే గాజు

పగటి వెలుగులో అది లేత పసుపుపచ్చ గాజు గిన్నె, అంతే. దొంగనోట్లు పట్టుకోవడానికి వాడే అతినీలలోహిత దీపం కింద పెడితే మాత్రం చిలకపచ్చగా భగ్గుమంటుంది. యూరప్, అమెరికా పాతసామాన్ల సంతల్లో సేకర్తలు జేబులో చిన్న టార్చి వేసుకుని తిరిగేది ఈ యురేనియం గాజు కోసమే.

ఆ వెలుగు రేడియోధార్మికతది అని చాలామంది అనుకుంటారు. కాదు. గాజులో యురేనియం ఆక్సిజన్‌తో జతకట్టి యురేనైల్ అయాన్‌గా ఉంటుంది. అది కంటికి కనబడని కిరణాలను పీల్చుకుని, ఆ శక్తిలో కొంత లోపలే పోగొట్టుకుని, మిగతాది ఆకుపచ్చ కాంతిగా వదులుతుంది. దీపం ఆర్పితే మెరుపూ పోతుంది. రేడియోధార్మికతకు దీపంతో పనిలేదు, అది చీకట్లోనూ సాగుతూనే ఉంటుంది. మామూలుగా బరువులో రెండు శాతం లోపే యురేనియం కలిపేవారు కనుక అల్మరాలో పెట్టుకుంటే భయం లేదు. అందులో పులుసులు, పచ్చళ్లు నిలవ ఉంచకపోవడం నయం.

యురేనియాన్ని 1789లో జర్మన్ రసాయనవేత్త క్లాప్రోత్ గుర్తించాడు. అణుశక్తి ఊహలో కూడా లేని ఆ రోజుల్లో దాంతో చేసిన పని గాజుకూ పింగాణీకీ రంగు వేయడమే. 1830లలో బొహీమియాలో, అంటే నేటి చెక్ దేశంలో, ఫ్రాంజ్ జేవర్ రీడెల్ అనే గాజు తయారీదారు పసుపు, ఆకుపచ్చ రకాలకు అన్నా అనే పేరు చేర్చి అమ్మాడు. ఆ ప్రాంతపు ఖనిజం యోఆఖిమ్‌స్థాల్ గనులది. రంగుల కోసం యురేనియం తీసేశాక అక్కడ పారబోసిన పిప్పి నుంచే క్యూరీ దంపతులు రేడియం రాబట్టారు. అసలు సరుకు చెత్తకుప్పలో ఉందన్నమాట! రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం యురేనియాన్ని బాంబు పనికి మళ్లించడంతో అక్కడ ఈ గాజు తయారీ ఆగింది. 1958లో ఆంక్షలు సడలాక మళ్లీ మొదలైంది.

అయితే మెరిసిందల్లా యురేనియం కాదు. ఇసుకలోని ఇనుము గాజుకు పచ్చ ఛాయ తెస్తుంది. దాన్ని విరవడానికి పాత కార్ఖానాలు మాంగనీసు కలిపేవి. అదీ ఆకుపచ్చగానే మెరుస్తుంది, కాకపోతే మందంగా. ఇక్కడ చవక టార్చే మేలు చేస్తుంది: 365 నానోమీటర్ల తరంగదైర్ఘ్యపు దీపానికి రెండూ పలుకుతాయి, చవకగా దొరికే 395 దానికి మాంగనీసు దాదాపు పలకదు. ఏళ్ల తరబడి ఎండ తగిలితే మాంగనీసు గాజు లేత ఊదాకు తిరుగుతుంది. ఆ రంగు కోసం కొందరు వ్యాపారులు కావాలనే దానిమీద రేడియేషన్ పెడతారు. కాడ్మియం కలిపిన గాజు పసుపుగానో నారింజగానో మెరుస్తుంది.

దీపం గాజులో ఏముందో చెబుతుంది గానీ వయసు చెప్పదు. యురేనియం గాజు ఇప్పటికీ తయారవుతోంది. వయసుకు అడుగుభాగం తిప్పి చూడాలి. నిజంగా వాడిన గిన్నెకు బల్లకు ఆనే అంచునే గీతలు పడతాయి, అవీ అడ్డదిడ్డంగా. గరుకు కాగితంతో రుద్ది ముసలితనం తెచ్చినదానికి గీతలన్నీ ఒకే వైపుకు నడుస్తాయి.